ప్రోగ్రామింగు చదువులో అధికారి భేదం

మా స్టాఫ్ రూములో ఏటా మొదటి ఇంటర్నల్ పరీక్షలు అయిన వారంలో ఒక మాట వినపడుతుంది. "ఈ బ్యాచిలో ఓ పదిమందికి తప్ప మిగతావాళ్ళకి ప్రోగ్రామింగు రాదండీ. అది పుట్టుకతో రావాలి." ఈ మాట అనేవాళ్ళు దుర్మార్గులు కారు. పిల్లల మీద ప్రేమ లేనివాళ్ళూ కారు. వాళ్ళలో ఒకరు పరీక్ష ఫీజు కట్టలేని కుర్రవాడికి తన జేబులోంచి డబ్బు తీసి ఇవ్వటం నేను చూశాను. నేను కూడా ఈ మాట చాలా ఏళ్ళు అన్నాను. అనటమే కాదు, నమ్మాను. ఆ నమ్మకం తప్పని నాకెలా తెలిసిందో, తెలిసిన తర్వాత కూడా నేను ఎంతవరకూ దానికి లోబడే ఉద్యోగం చేస్తున్నానో చెప్పటానికి ఈ వ్యాసం రాస్తున్నాను.

నేను రామచంద్రపురంలో డిగ్రీ విద్యార్థులకు ప్రోగ్రామింగు మొదటి పాఠాలు చెబుతాను. మా విద్యార్థులు ద్రాక్షారామం, కోటిపల్లి, పసలపూడి వైపు నుంచి బస్సుల్లోనూ ఆటోల్లోనూ వస్తారు. కౌలుదార్ల పిల్లలు, రైసుమిల్లు పనివాళ్ళ పిల్లలు, వీధి చివర కిరాణా కొట్టు నడుపుకునేవాళ్ళ పిల్లలు. తల్లి కువాయిట్‌లో ఇంటిపని చేసి పంపే డబ్బుతో చదివేవాళ్ళు కూడా ప్రతి క్లాసులోనూ ఉంటారు. వీళ్ళకి ఇంట్లో కంప్యూటరు ఉండదు. ఫోను ఉంటుంది.

మన పూర్వులు విద్య చెప్పబోయే ముందు 'అధికారి' ఎవరో తేల్చుకునేవాళ్ళు. వేదాంత గ్రంథం మొదలుపెడితే ముందు చెప్పవలసిన నాలుగింటిలో మొదటిది అదే: ఈ చదువుకు ఎవడు అర్హుడు? అర్హుడు కానివాడికి చెప్పటం దోషం. వాడికి అర్హత ఎందుకు లేదన్న ప్రశ్న మటుకు గ్రంథంలో ఉండదు. ఆ వ్యవస్థ పోయిందని మనం సంతోషిస్తున్నాం. కాని అధికారి భేదం పోలేదు. దాన్ని ఇప్పుడు టాలెంటు అంటున్నాం, ఆప్టిట్యూడు అంటున్నాం. పేరు మారటంతో దానికి శాస్త్రీయమైన వేషం కూడా వచ్చింది.

ఒక విద్య ఒక మనిషికి రాలేదంటే లోపం ఎవరిది? ఇది బోధనా పద్ధతులకు సంబంధించిన ప్రశ్నలా కనిపిస్తుంది. నా ఉద్దేశంలో ఇది నీతికి సంబంధించిన ప్రశ్న. ఎందుకంటే, లోపం ఎవరిదని తేలుస్తామో నష్టం వాళ్ళే భరించాలి. లోపం విద్యార్థిదే అయితే నా జీతం నాకు వస్తుంది, నా నిద్ర నాకు పడుతుంది, వాడు మటుకు రైసుమిల్లుకు పోతాడు.

చాలా ఏళ్ళ కిందట మొదటి వారం పాఠంలో బోర్డు మీద ఎక్స్ = ఎక్స్ + 1 అని రాశాను. మూడో బెంచీలో ఒక అమ్మాయి లేచింది. "అది ఎలా అవుతుందండి? రెండువైపులా ఎక్స్ కొట్టేస్తే సున్నా ఒకటికి సమానం అయిపోతుంది గదండీ" అన్నది. క్లాసు నవ్వింది. నేనూ నవ్వాను. "ఇది లెక్కలు కాదమ్మా, ప్రోగ్రామింగు. ఇక్కడ అంతే. రాసుకో" అన్నాను. ఆ అమ్మాయి రాసుకున్నది. ఆ తర్వాత మూడేళ్ళలో నా క్లాసులో ఆమె మరో ప్రశ్న అడగలేదు. మొదటి సెమిస్టరు చివర నేను స్టాఫ్ రూములో 'రానివాళ్ళు' అని లెక్కపెట్టిన వాళ్ళలో ఆమె ఒకతి.

ఇప్పుడు ఆలోచిస్తే, ఆ రోజు అరవైమంది ఉన్న క్లాసులో ఆలోచించినది ఆమె ఒక్కతే. మిగతా యాభైతొమ్మిది మందికీ ఆ పంక్తి అబద్ధమని తోచలేదంటే, వాళ్ళకి బీజగణితం కూడా రాలేదన్నమాట, లేదా పంతులు రాసినదాన్ని నిజం అబద్ధం అన్న తూకంలో పెట్టకూడదని అప్పటికే నేర్చుకున్నారన్నమాట. రెండోదే నిజమని నా అనుమానం. పన్నెండేళ్ళు బళ్ళో మనం వాళ్ళకి శ్రద్ధగా నేర్పినది అదే.

ఆమె ప్రశ్నలో ఎంత న్యాయం ఉన్నదో చూడండి. ఆ రెండు గీతల గుర్తును 1557లో రాబర్ట్ రికార్డ్ అనే వెల్షు వైద్యుడు ప్రవేశపెట్టాడు. రెండు సమాంతర రేఖల కన్నా సమానమైనవి మరేవీ ఉండవు గనక సమానత్వానికి అది గుర్తు అన్నాడు. సరిగా నాలుగు వందల ఏళ్ళ తర్వాత, 1957లో, ఐ.బి.ఎం. వారి ఫోర్ట్రాన్ భాష అదే గుర్తును తీసుకుని పూర్తిగా వేరే అర్థంలో వాడింది. కుడివైపు లెక్క కట్టి, వచ్చినదాన్ని ఎడమవైపు పేరు పెట్టిన గడిలో వెయ్యి అని దాని అర్థం. అది సమానత్వం కాదు, ఆజ్ఞ. ఇది గందరగోళమని కొందరు గ్రహించారు. ఆల్గాల్ భాషలో ఆజ్ఞకు వేరే గుర్తు పెట్టారు. అయినా సి భాష ఫోర్ట్రాన్ దారే పట్టింది, దాని వెనక జావా, పైథాన్ నడిచాయి. కనక మా అమ్మాయి అడ్డం తగిలింది ప్రకృతి సూత్రానికి కాదు. కొందరు మనుషులు తమ సౌకర్యం కోసం చేసుకున్న ఏర్పాటుకు. దాన్ని నేను ప్రకృతి సూత్రంలా చెప్పాను. మనుషులు చేసినదాన్ని దేవుడు చేసినట్టు చెప్పటం ఎవరి పని అయి ఉండేదో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కరలేదు. నేను హేతువాదిననుకుంటూనే ఆ పని చేశాను.

ఈ గుర్తు దగ్గరే ప్రపంచంలో చాలామంది ఆగిపోయారు. 2006లో ఇంగ్లండులో మిడిల్‌సెక్స్ విశ్వవిద్యాలయానికి చెందిన సయీద్ దెహ్నాదీ, రిచర్డ్ బోర్నాట్ ఒక పత్రం రాశారు. ఏ గడిలో 10, బి గడిలో 20 ఉన్నాయి; ఏ = బి అన్న పంక్తి తర్వాత రెండిటిలో ఎంతెంత ఉంటుంది? ఇలాంటి ప్రశ్నలు ప్రోగ్రామింగు ఒక్క ముక్క కూడా చెప్పకముందే విద్యార్థులకిచ్చారు. ఒప్పో తప్పో ఏదో ఒక నియమాన్ని అన్ని ప్రశ్నలకూ పట్టుకున్నవాళ్ళు తర్వాత గట్టెక్కుతారనీ, పట్టుకోనివాళ్ళు గట్టెక్కరనీ, కనక ఎవరికి వస్తుందో ఎవరికి రాదో ముందే తేల్చవచ్చుననీ వాళ్ళ వాదన. ఆ పత్రం పంతుళ్ళ లోకంలో అడవి మంటలా పాకింది. నాకూ ఎవరో పంపారు. చదివి ఎంత హాయి కలిగిందో చెప్పలేను! సైన్సే నా పక్షాన ఉన్నది. తర్వాత పరిశోధనలు అంత గట్టి ఫలితాన్ని ఇవ్వలేదు. 2014లో బోర్నాట్ తన పాత వాదాన్ని బాహాటంగా ఉపసంహరించుకున్నాడు. అతను పెద్దమనిషి. తమాషా ఏమంటే, మొదటి పత్రం నాదాకా నెలల్లో వచ్చింది. ఉపసంహరణ వచ్చేసరికి ఏళ్ళు పట్టింది. మా సహాధ్యాపకుల్లో చాలామందికి అది ఇప్పటికీ అందలేదు. మనకు అక్కరలేని వార్త ఎప్పుడూ నెమ్మదిగానే ప్రయాణం చేస్తుంది.

మా తూర్పు డెల్టాలో పుట్టినవాడికి ఈ విషయం అర్థం కావటానికి ఇంగ్లండు దాకా పోనక్కరలేదు. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటినుంచీ కాలవ నీరు వస్తున్నది. రబీలో గోదావరి తగ్గినప్పుడు వంతులు పెడతారు. వంతులు పెట్టినా శివారు భూములకు నీరు అందని ఏళ్ళుంటాయి. శివారు చేను ఎండిపోతే, ఆ మట్టిలో పండే గుణం పుట్టుకతో లేదని ఏ రైతూ అనడు. పైన తూముల దగ్గర ఎవరెంత వాడుకున్నారు, లస్కరు ఏం చేస్తున్నాడు, కాలవలో పూడిక ఎప్పుడు తీశారు అని అడుగుతాడు. అవసరమైతే ఆఫీసు ముందు కూర్చుంటాడు. రైతుకు ఉన్న ఈ జ్ఞానం లెక్చరరుకు ఎందుకు లేకపోయింది? లస్కరు తానే కనక.

ఆ అమ్మాయి చదువు ముగించి వెళ్ళిపోయాక రెండేళ్ళకు, ఒక సాయంత్రం మా వీధి కిరాణా కొట్లో నిలబడి ఉన్నాను. కొట్టతను అరువు పుస్తకం తీశాడు. ఒకామె పేరు కింద పాత బాకీ అంకె ఉన్నది. ఆమె నలభై రూపాయల సరుకు తీసుకున్నది. అతను పాత అంకెకు నలభై కలిపి, పాతది అడ్డంగా కొట్టేసి, దాని పక్కన కొత్తది రాశాడు. బాకీ = బాకీ + 40. నేను పదిహేనేళ్ళుగా చెప్పలేకపోయిన పాఠం అతను అర నిమిషంలో చెప్పాడు, ఎవరికీ చెబుతున్నానని తెలియకుండానే. కుడివైపు బాకీ కొట్టేయబోయే పాత అంకె. ఎడమవైపు బాకీ ఆ గీతల మధ్య చోటు. మా విద్యార్థుల్లో ఈ పుస్తకం చూడనివాడు లేడు. అందులో తమ ఇంటి పేరు చూసుకోనివాళ్ళు తక్కువ.

మరుసటి ఏడాది ఆ పుస్తకంతో మొదలుపెట్టాను. 'రానివాళ్ళు' సగానికి తగ్గారని చెబితే కథ బాగుంటుంది. నేను అంకెలు ఉంచుకోలేదు, కనక చెప్పను. ఎక్స్ దగ్గర ఆగిపోయేవాళ్ళు మటుకు ఆ ఏడాది అక్కడ ఆగలేదు. ఆపైన ఆవృత్తి దగ్గర కొందరు ఆగారు. అప్పుడు దానికి మరో దారి వెతకవలసి వచ్చింది. ఆగినవాడు గోడకు కొట్టుకున్నాడా, మనం మూసిన తలుపుకు కొట్టుకున్నాడా అన్నది ఒక్కొక్క చోటా విడివిడిగా వెతుక్కోవలసినదే.

ఇక రికార్డు సంగతి. ప్రోగ్రామింగు చదివిన ప్రతి తెలుగువాడికీ రికార్డు తెలుసు. ఎడమ పేజీలో ఔట్‌పుట్టు, కుడి పేజీలో ప్రోగ్రాము, కింద లెక్చరరు సంతకం. ఈ పుస్తకంలో రాసిన ఔట్‌పుట్టుల్లో చాలా భాగం ఏ కంప్యూటరు మీదా ఎన్నడూ రాలేదు. సీనియరు రికార్డు నుంచి దింపుతారు. ఆ సీనియరు తన సీనియరు నుంచి దింపాడు. ఒక ఏడాది నేను కూర్చుని వెనక్కు చూసుకుంటూ పోతే, ఒక ప్రోగ్రాములో తప్పు ఆరేళ్ళ కిందటి రికార్డులో కూడా ఉన్నది. ఆ ప్రోగ్రాము నడవదు. దాని ఎదురు పేజీలో మటుకు చక్కని ఔట్‌పుట్టు ఉన్నది, ఆరేళ్ళూ ఆకుపచ్చ సిరాతో సంతకం ఉన్నది. ఆ సంతకం నాది.

నేను ఆ సంతకం ఎందుకు పెట్టాను? ముప్ఫైమందికి పదిహేను కంప్యూటర్లు; వాటిలో కొన్ని పనిచేయవు; కరెంటు పోతుంది; ఎక్స్‌టర్నలు వచ్చే తేదీ ముందే వచ్చేస్తుంది. ఇవన్నీ నిజాలే. కాని అసలు కారణం దయ. నాకన్నా పెద్దవాడైన ఒక సహోద్యోగి ఈ దయను సిద్ధాంతంగా చెప్పేవాడు. "మాస్టారూ, ఆ పిల్ల ఒక ఏడాది పోగొట్టుకుంటే మళ్ళీ కాలేజీకి రాదు. పెళ్ళి చేసేస్తారు. మీ నిజాయితీ ఖరీదు ఆ పిల్ల కట్టాలా?" ఈ వాదం తేలికైనది కాదు. నిజాయితీ గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్ళు చాలామంది ఆ ఖరీదు తాము కట్టేవాళ్ళు కారు. కడుపు నిండినవాడి నీతిసూత్రాన్ని పేదవాడి నెత్తిన రుద్దటం అభ్యుదయం అనిపించుకోదు.

అయినా ఆ వాదంలో ఒక చిల్లు ఉన్నది. చాలాకాలం నాకది కనపడలేదు. సంతకం పెట్టాలా వద్దా అని అతను అడుగుతున్నది ఫిబ్రవరిలో. ఆగస్టులో ఆ పిల్లకు పాఠం చెప్పామా అన్న ప్రశ్న ఎగిరిపోయింది. మనం ఆగస్టులో ఎగ్గొట్టిన బాకీని ఫిబ్రవరిలో దయ పేరుతో మాఫీ చేసుకుంటున్నాం. మాఫీ అయింది మన బాకీ, ఆమెది కాదు. ఆమె ఉద్యోగం ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దగ్గర దాన్ని వడ్డీతో కడుతుంది. దయ చూపేవాడికి ఆ దయ వల్ల ఏ ఖర్చూ లేనప్పుడు, దాన్ని కాస్త అనుమానంగానే చూడటం మంచిది.

పైపెచ్చు, పని చెయ్యని ప్రోగ్రాముకు పని చేసినట్టు ఔట్‌పుట్టు రాయించటమంటే ఈ శాస్త్రంలో ఉన్న ఒకే ఒక్క గొప్ప గుణాన్ని పీక నులమటం. మన విద్యావ్యవస్థలో మిగతా అన్ని సబ్జెక్టుల్లోనూ ఒప్పేదో తప్పేదో చెప్పేవాడు పంతులు. ఇక్కడ పంతులు కూడా యంత్రం ముందు నిలబడవలసిందే. నేను బోర్డు మీద రాసిన ప్రోగ్రాము నడవకపోతే ఆఖరి బెంచీ కుర్రవాడు నన్ను పట్టుకోగలడు, పట్టుకున్నాడు కూడా. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్షకు వ్యతిరేకంగా పనిచేసి బయటికి వచ్చిన గణితవేత్త సీమూర్ పేపర్ట్ 1980లో రాసిన 'మైండ్‌స్టార్మ్స్' పుస్తకంలో ఈ సంగతి మీదనే పట్టు. బళ్ళో జవాబు ఒప్పు కావాలి, లేదా తప్పు కావాలి. ప్రోగ్రాము అలా కాదు. అది మొదటిసారి ఎలాగూ నడవదు, ఎక్కడ చెడిందో కనుక్కుని బాగుచెయ్యటమే అసలు పని. కంసాలికీ, వడ్రంగికీ, పంపుసెట్టు మెకానిక్కుకూ ఇది కొత్త విషయం కాదు. తప్పును సిగ్గుపడవలసినదిగా చేసింది చేతిపని ఎరగని చదువు. మన రికార్డు ఆ చదువును తీసుకువచ్చి ప్రోగ్రామింగుకు కూడా అంటగట్టింది.

భాష సంగతి చెప్పకుండా ఈ చర్చ చెయ్యటం ఆత్మవంచన. మన రాష్ట్రంలో 2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మీడియంలోనే అని నిర్ణయించారు. ప్రోగ్రామింగుకు ఇంగ్లీషు ఎలాగూ కావాలి గదా అంటారు. ఎంత ఇంగ్లీషు? 1989 నాటి ప్రమాణం ప్రకారం సి భాషలో ప్రత్యేకార్థం ఉన్న మాటలు 32. ముప్ఫైరెండు మాటలు ఎవరైనా ఒక వారంలో నేర్చుకుంటారు. సినిమా పాటలో అంతకన్నా ఎక్కువ మాటలుంటాయి. ఆటంకం ఆ మాటలు కావు, వాటి చుట్టూ ఉన్న వివరణ. 'ఎల్‌వాల్యూ రిక్వైర్డ్' అని యంత్రం అంటే ఇంగ్లీషు మీడియంలో పుట్టి పెరిగినవాడికి కూడా ఏమీ తెలియదు. 'ఎడమవైపు గడి పేరు ఉండాలి, అంకె ఉండకూడదు' అంటే అందరికీ తెలుస్తుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు పుస్తకాల్లోకి వాడుక భాష రావాలని పోరాడినప్పుడు కూడా చదువు ఎవరికి చెందుతుందన్న ప్రశ్నే పోరాటానికి ప్రాణం.

సోవియట్ శాస్త్రవేత్త ఆంద్రేయ్ యెర్షోవ్ 1981లో ప్రోగ్రామింగును 'రెండో అక్షరాస్యత' అన్నాడు. అక్షరాస్యత అన్న మాటలోనే ఉన్నది, అధికారి భేదం ఒప్పుకోనని. చదవటం రాయటం టాలెంటు ఉన్నవాళ్ళకే అని ఇవాళ ఎవరూ అనరు, ఒకప్పుడు అన్నారు. 1985 సెప్టెంబరు నుంచి అక్కడి ఉన్నత పాఠశాలలన్నిటిలో ఆ పాఠం ప్రవేశపెట్టారు. ఆజ్ఞల మాటలు రష్యన్‌లో పెట్టి, ఇతర రిపబ్లిక్కుల భాషల్లోకి కూడా పుస్తకం తెచ్చారు. దీన్ని మనం పొగిడి ఊరుకోకూడదు. చాలా బళ్ళలో కంప్యూటరే లేదు. పిల్లలు ప్రోగ్రాముల్ని కాగితం మీదనే నడిపారు. యంత్రం లేకుండా నేర్పిన చదువు ఎంతవరకూ నిలిచిందో అనుమానమే. కాని, మా లాబులో యంత్రాలున్నాయి, వాటి ముందు కూర్చున్నవాళ్ళు కాగితం మీద దింపుతున్నారు. ఏది హీనం?

అధికారి భేదానికి అటువైపు ఇంకో అబద్ధం ఉన్నది. 'అందరికీ సాఫ్ట్‌వేరు ఉద్యోగాలొస్తాయి' అన్నది. హైటెక్ సిటీ 1998లో తెరిచినప్పటి నుంచీ మన పల్లెలు ఈ మాట మీద పొలాలు అమ్మాయి. షియాంగ్ బియావో అనే చైనా మానవశాస్త్రవేత్త 2007లో ప్రచురించిన 'గ్లోబల్ బాడీ షాపింగ్' చదవండి. అమెరికాకూ ఆస్ట్రేలియాకూ ప్రోగ్రామర్లను ఎగుమతి చేసే వ్యాపారానికి మన జిల్లాల వ్యవసాయపు మిగులూ, ఆడపిల్ల కట్నమూ ఎలా పెట్టుబడి అయ్యాయో అందులో ఉన్నది. మనం ఇంట్లో చూసినదే. చూడటానికి ఈ రెండు అబద్ధాలూ ఒకదానికొకటి విరుద్ధం. నిజానికి ఒకే బండికి రెండు ఎడ్లు. అందరికీ వస్తుందని చెప్పి ఫీజు కట్టించుకుంటారు. రానప్పుడు నీకు టాలెంటు లేదని పంపేస్తారు.

కనక ప్రోగ్రామింగు నేర్పితే పేదరికం పోతుందని నేను చెప్పబోవటం లేదు. నాలుగేళ్ళ కిందట ఒక కుర్రవాడు ఆవృత్తి పాఠం తర్వాత తనంతట తాను ఒక ప్రోగ్రాము రాసుకొచ్చాడు. యాభైవేలు అప్పు, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. మూడేళ్ళకు బారువడ్డీ అయితే మొత్తం 86,000. ఏటా నోటు తిరగరాసి వడ్డీని అసలులో కలిపితే 95,331. తేడా తొమ్మిది వేల చిల్లర. వాళ్ళ నాన్న కౌలు చేస్తాడు, నోటు ఏటా తిరగరాస్తాడు. కుర్రవాడు ఆ అంకెలు తెర మీద చూసి ఉద్రేకపడ్డాడు. నేనూ పడ్డాను, ఇదీ చదువంటే అనుకున్నాను. సోమవారం వచ్చినప్పుడు అడిగాను, నాన్నకు చూపించావా అని. "చూపించానండి. ఇది నాకు తెలీదనుకున్నావురా అన్నాడండి." తెలుసు. తిరగరాయకపోతే వచ్చే సీజను పెట్టుబడి పుట్టదు, అందుకని తిరగరాస్తాడు. నా ప్రోగ్రామింగు పాఠం అతనికి తెలియనిది ఏమీ చెప్పలేదు. ప్రతి మనిషీ మేధావే, సమాజం మటుకు అందరికీ ఆ పని ఇవ్వదని గ్రాంసీ జైల్లో కూర్చుని రాసుకున్నప్పుడు ఇలాంటి కౌలుదారు అతని మనసులో ఉండే ఉంటాడు.

మరి ఎందుకు నేర్పటం? ఇప్పుడు ఈ ప్రశ్న మరీ గట్టిగా అడుగుతున్నారు. 2022 చివరి నుంచి ప్రశ్న వేస్తే ప్రోగ్రాము రాసిచ్చే యంత్రాలు ఫోనులోకి వచ్చాయి. మా పిల్లలకు ఇప్పుడు సీనియరు రికార్డు కూడా అక్కరలేదు. యంత్రమే రాస్తుంటే మనిషి నేర్చుకోవటం దండగ గదా?

పీటర్ నౌర్ అనే డెన్మార్కు శాస్త్రవేత్త 1985లో ఒక మాట వివరించాడు. ప్రోగ్రాము అంటే ఆ కాగితం మీది పంక్తులు కావు. అది ఎందుకు అలా ఉన్నదో, లోకంలో దేనికి సరిపోతుందో తెలిసిన మనుషుల బుర్రల్లో ఉన్న అవగాహన. వాళ్ళు చెదిరిపోతే పంక్తులు మిగులుతాయి, ప్రోగ్రాము చచ్చిపోతుంది. రాసే పని యంత్రానికి అప్పగించవచ్చు. అవగాహన ఎవరికీ లేని ప్రోగ్రాము మటుకు జనం మీద అధికారం చేస్తూనే ఉంటుంది. బ్రిటనులో ఫుజిత్సు కంపెనీవారి హొరైజన్ అనే లెక్కల ప్రోగ్రాము చిన్న చిన్న పోస్టాఫీసుల్లో డబ్బు తక్కువ వచ్చినట్టు చూపించింది. 1999 నుంచి 2015 దాకా తొమ్మిది వందల మందికి పైగా సబ్‌పోస్టుమాస్టర్లకు దొంగతనం, తప్పుడు లెక్కలు అనే నేరాల కింద శిక్షలు పడ్డాయి. కొందరు జైలుకు పోయారు, కొందరు ఆత్మహత్య చేసుకున్నారు. కంప్యూటరు సరిగానే పనిచేస్తున్నదని కోర్టులు ముందే అనుకున్నాయి. కాదని రుజువు చెయ్యటం ముద్దాయి బాధ్యత. ప్రోగ్రాములోనే లోపాలున్నాయని హైకోర్టు తేల్చింది 2019లో. శిక్షలు మూకుమ్మడిగా రద్దుచేస్తూ చట్టం వచ్చింది 2024లో.

'యంత్రం తప్పు చెయ్యదు' అన్న నమ్మకం అంత చదువుకున్న దేశంలో అంతమంది జడ్జీలకు ఎక్కడినుంచి వచ్చింది? నా రికార్డుల కట్ట చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. అందులో ప్రతి ప్రోగ్రామూ నడిచింది. ప్రతి ఔట్‌పుట్టూ ఒప్పే. అలాంటి రికార్డులు రాసి పట్టా పుచ్చుకున్నవాడు రేపు రేషను డిపోలో ముసలామె వేలిముద్ర పడలేదని యంత్రం అంటే, ఆమెనే అనుమానిస్తాడు. తాను స్వయంగా ఇరవైసార్లు ప్రోగ్రాము తప్పు రాసి, యంత్రం అంతే నిబ్బరంగా తప్పు జవాబు ఇవ్వటం చూసినవాడు మటుకు ఒక్క క్షణం ఆగుతాడు. ఆ ఆగటం అందరికీ కావాలి. దానికి టాలెంటు అక్కరలేదు.

నేను ఇప్పుడు చేస్తున్నదేమిటో కూడా చెప్పాలి గదా. లాబులో నా ఎదుట నడిపిన ప్రోగ్రాముకే ఔట్‌పుట్టు రాయనిస్తాను. నడవకపోతే నడవలేదని, యంత్రం ఏమన్నదో ఆ మాటలే రాసి, ఎందుకన్నదో తెలుగులోనైనా సరే రెండు వాక్యాలు రాస్తే పూర్తి మార్కులు. ఇది అందరిచేతా చేయించగలుగుతున్నానా? లేదు. నవంబరు దాటాక తేదీలు తరుముకొస్తాయి. పది పన్నెండు రికార్డులు ఇప్పటికీ పాత పద్ధతిలోనే వస్తాయి, నేను ఇప్పటికీ సంతకం పెడతాను. సహోద్యోగి వాదానికి నా దగ్గర ఫిబ్రవరిలో జవాబు లేదు.

పోయిన ఏడాది ప్రాక్టికల్సుకు వచ్చిన ఎక్స్‌టర్నలు ఒక అమ్మాయి రికార్డు తిరగేస్తూ ఒక పేజీ దగ్గర ఆగాడు. అంకెల్ని వరసలో పెట్టే ప్రోగ్రాము. ఎదురు పేజీలో ఔట్‌పుట్టు తప్పు. ఆఖరి అంకె దాని చోటికి రాలేదు. కింద ఆ అమ్మాయి చేతిరాత: 'చివరి గడి చూడకుండానే ఆగిపోతోంది. ఒకటి తక్కువ తిరుగుతోంది అనుకుంటున్నాను.' దాని కింద నా సంతకం. ఆయన నా వంక చూసి, "ఇదేమిటండీ, తప్పు ఔట్‌పుట్టుకు సంతకం పెట్టేశారు?" అన్నాడు. నేను చెప్పాను. ఆయన మంచివాడే, విన్నాడు, తల ఆడించాడు, ఆ పేజీకి మార్కులు తగ్గించాడు. బయట వరండాలో ఆ అమ్మాయి నిలబడి ఉన్నది. "సార్, రెండో సెమిస్టరు రికార్డులో కరెక్టు ఔట్‌పుట్టు వేసెయ్యమంటారాండి?" అని అడిగింది.

వద్దన్నాను. అనటానికి మటుకు కొంతసేపు పట్టింది.